నేలకు ఆనిన భుజాలు

సయాజీ ధుమాళ్ మొదటిసారి మా మెట్లెక్కి వచ్చిన రోజున ఉదయం క్లాసు అప్పుడే అయిపోయింది. నేను దుప్పట్లు మడతపెడుతున్నాను. మా యోగశాల పుణేలో, శనివార్ పేఠలోని వాడా అనే పాతకాలపు పెద్ద లోగిలి పై అంతస్తులో ఉంది. మెట్లు చెక్కవి కావడంతో ఎక్కేది ఎవరో అడుగుల చప్పుడును బట్టే చెప్పేయవచ్చు. ఆ రోజు చప్పుడు మాత్రం నాకు కొత్త. ఒక బరువైన అడుగు, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ బరువైన అడుగు. ఎవరో పెద్దాయన కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే గుమ్మం నిండా ఒక కుర్రాడు. ముప్పై ఏళ్ళ లోపే ఉంటాయి. నలిగి ముద్దయిన చెవులు, ఎద్దు మెడ, తొడల దగ్గర బిగిసిపోయిన ప్యాంటు. కుస్తీ పట్టేవాడని వేరే చెప్పక్కర్లేదు.

గుమ్మం పక్కన శరయూతాయి రాయించిన బోర్డు వేలాడుతుంటుంది. "గుమ్మంలో నిలబడి మాట్లాడేవారు మెట్ల మీదకు వెళ్ళవలెను. మెట్ల మీద మాట్లాడేవారు ఇంటికి వెళ్ళవలెను." అతను దాన్ని పెదవులు కదుపుతూ చదివి, లోపలికి రావాలో వెనక్కి పోవాలో తేల్చుకోలేక అక్కడే ఆగిపోయాడు.

"ఏం, రాతి స్తంభంలా నిలబడ్డావ్? ఏం కావాలి?" అని లోపలి నుంచి శరయూతాయి అడిగారు.

"నడుం నొప్పి బాయీ. నెలాఖరుకి మా ఊరి జాతరలో కుస్తీ ఉంది. ఈలోగా మీరు సరిచేసేస్తారని చెప్పారు."

"ఎవరు?"

"మా తాలింఖానా ఎదురుగా పాలు అమ్మే ఆయన."

"అట్లాగా. పాలు తోడుపెట్టినంత తేలిక అనుకున్నట్టున్నాడు. లోపలికి రా. నేనేం బడిపంతులమ్మని కాదు, బాయీ అనకు. అందరూ అక్కా అన్నట్టు తాయీ అంటారు."

"సరే బాయీ," అన్నాడు.

ఆ మాట దగ్గర వాళ్ళిద్దరికీ ఎన్నడూ రాజీ కుదరలేదు. నన్ను మాత్రం మొదటి రోజే వహినీ అని పిలిచి వదిన వరస కలిపేశాడు.

శరయూతాయి బాపట్ గురించి కొంచెం చెప్పాలి. అప్పటికి ఆవిడకు అరవై దాటాయి. పొట్టి మనిషి, సన్నగా ఉంటారు. గొంతు మాత్రం హాలు ఆ చివరి గోడను తాకి తిరిగొస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఒక ప్రొఫెసరు గారిని బతిమాలుకుని, వైద్య విద్యార్థులతో పాటు శవాలను కోసే గదిలో కూర్చుని కండరాలు, కీళ్ళు చూసి నేర్చుకున్నారట. త్రికోణాసనంలో ఎవరి మడమ అయినా కాస్త పక్కకు జరిగితే, ఆవిడ వెనక్కి తిరిగి ఉన్నా తెలిసిపోయేది. "మోకాలిచిప్పని పైకి లాగు. పైకంటే నీ కనుబొమలు కాదు!" అని అరిచేవారు. ఆవిడ దగ్గర ఏడ్చి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. మోకాళ్ళ నొప్పితో వచ్చిన నేను ఏడ్చి కూడా ఉండిపోయాను. కొన్నేళ్ళకు ఆవిడ పక్కన నిలబడి పాఠం చెప్పేదాన్నయ్యాను.

హాలు మూలన ఒక ఇనుప కొక్కేనికి ప్లాస్టిక్ అస్థిపంజరం వేలాడేది. దానికి మేం బాపూసాహెబ్ అని పేరు పెట్టుకున్నాం. సయాజీ దాన్నే చూస్తూ అడిగాడు.

"ఈయన కూడా మీ దగ్గర నేర్చుకున్నోడేనా బాయీ?"

"అవును. నోరు మూసుకుని నేర్చుకున్నాడు. అందుకే అంత నిటారుగా ఉన్నాడు. నువ్వు ఆ గోడకి ఆనుకుని నిలబడు."

మడమలు గోడకు ఆనించాడు. పిరుదులు ఆనాయి, వీపు ఆనింది.

"తల వెనక్కి ఆనించు."

తల ఆనలేదు. గడ్డం పైకెత్తి ఎలాగో ఆనించబోయాడు. శరయూతాయి గడ్డం కిందికి దించారు. తలకూ గోడకూ మధ్య మళ్ళీ చేతివేళ్ళు దూరేంత సందు వచ్చింది.

"మెడ కండ ఎక్కువ కదా," అన్నాడు అతను.

ఆవిడ రెండు అరచేతులూ అతని పక్కటెముకల మీద పెట్టి, గాలి పీల్చమన్నారు. అంత పెద్ద ఛాతీ. కొలిమితిత్తిలా ఉబ్బుతుందనుకున్నాను. పొట్ట ఉబ్బిందే గాని పక్కటెముకలు కదల్లేదు. ఆవిడ చేతులు పెట్టినచోటే ఉండిపోయాయి.

"నొప్పి ఎప్పుడెక్కువ? కుస్తీ పట్టాకా, పొద్దున్న లేచాకా?"

"లేచేటప్పుడే. మంచం మీంచి దిగాలంటే గంట పడతది. దండీలు, బస్కీలు తీసి ఒళ్ళు వేడెక్కితే పోతది. అదే నాకర్థం కాదు బాయీ. పని చేస్తే తగ్గుతది, పడుకుంటే పెరుగుతది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నాలుగేళ్ళ నుంచి ఉంది. గోదాలో ఎప్పుడో దెబ్బ తగిలి ఉంటది."

శరయూతాయి అతని తుంటి కీళ్ళ దగ్గర వేళ్ళతో నొక్కి చూశారు. తర్వాత ఒక డాక్టరు పేరు చెప్పి, ఆయన రక్తపరీక్ష, తుంటి ఎక్స్‌రే చేయిస్తాడనీ అవి చూపించాకే క్లాసుకు రమ్మనీ అన్నారు.

"అంటే ఈ రోజు ఏం చెయ్యరా?"

"చెయ్యను."

"ఇంత దూరం వచ్చింది గోడకి ఆనుకోవడానికా?" అని గొణుక్కుంటూ మెట్లు దిగాడు.

వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట తలపాగా చుట్టిన ఒక పెద్దాయన ఉన్నారు. సయాజీని పదేళ్ళప్పుడు తాలింఖానాలో చేర్చుకుని, పాలు, బాదంపప్పులు తినిపించి పెంచిన వస్తాదు గణపత్‌రావ్ మోహోళ్. ఆయన చేతిలో ఎక్స్‌రే కవరు ఉంది. కానీ దాన్ని చూపించడానికి కాదు, నిలదీయడానికి తెచ్చినట్టు పట్టుకున్నారు.

"తాయీ, ఆ డాక్టరు ఏదో చెప్పాడు. వెన్నెముక వెదురుగడలాగా అయిపోతదంట. వయసులో ఉన్న పిల్లాడికి వాతమేందీ! మట్టిలో రెండు పూటలా దొర్లితే పోయే దానికి ఇంత పేరు పెట్టాడు."

శరయూతాయి బాపూసాహెబ్‌ని కొక్కెంతో సహా లాక్కొచ్చి మధ్యలో నిలబెట్టారు. పూసకూ పూసకూ మధ్య ఉండే మెత్తటి బిళ్ళను, వాటిని పట్టి ఉంచే పట్టీలను వేలితో చూపించారు.

"ఈ పట్టీలు వంగాలి, సాగాలి. ఈ జబ్బులో అవి వాచి, ఆరి, మళ్ళీ వాచి, చివరికి ఎముకైపోతాయి. పూసలన్నీ అతుక్కుపోయి ఒకటే కర్రవుతుంది. పక్కటెముకలు వెన్నుని పట్టుకునే చోట కూడా అంతే. అందుకే ఇతనికి ఊపిరి ఛాతీలోకి వెళ్ళడం లేదు. ఇది మట్టితో పోదు వస్తాద్‌గారూ."

"మరి మీ యోగాతో పోతదా?"

"పోదు."

సయాజీ అప్పటిదాకా నేల చూస్తూ ఉన్నాడు. ఆ మాటకు తలెత్తాడు.

"మరెందుకు బాయీ ఇక్కడికి రమ్మన్నారు?"

"చెప్తా విను. డాక్టరు మందులిస్తాడు, అవి వాపు తగ్గిస్తాయి, మానకుండా వేసుకోవాలి. అయినా ఎంతో కొంత గట్టిపడుతుంది. దాన్ని నేను ఆపలేను. ఏ ఆకారంలో గట్టిపడుతుందనేది మాత్రం పూర్తిగా దాని ఇష్టం కాదు. ఇప్పుడున్నట్టు వంగి గట్టిపడితే నీ నలభయ్యో ఏట ఎదుటి మనిషి మొహం చూడాలన్నా నడుం వెనక్కి వాల్చి చూడాలి. నిటారుగా గట్టిపడితే తలెత్తుకుని తిరుగుతావు. పక్కటెముకలు రోజూ కదిపితే ఊపిరి మిగులుతుంది. నాకు చేతనైంది ఇంతే. ఇంకోటి. కుస్తీ మానెయ్యాలి. గట్టిపడిన వెన్ను మీద దెబ్బ పడితే వంగదు, విరుగుతుంది."

వస్తాదు ఎక్స్‌రే కవరును చంకలో పెట్టుకున్నారు.

"పద సయాజీ. మనం వచ్చిన చోటు తప్పు," అని ముందు నడిచారు. సయాజీ మా ఇద్దరికీ దణ్ణం పెట్టి ఆయన వెనకాలే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం క్లాసులో శరయూతాయి అందర్నీ మామూలుకంటే ఎక్కువ తిట్టారు.

జాతరలో అతను కుస్తీ పట్టాడని మాకు తర్వాత తెలిసింది. చెప్పింది వస్తాదే. జాతర ముగిసిన మర్నాడు ఆయన ఒక్కరే మెట్లెక్కి వచ్చి, గుమ్మం బయటే చెప్పులు విప్పి, లోపలికి రాకుండా మెట్టు మీద కూలబడ్డారు. తలపాగా వంకరగా ఉంది.

"మొదట్లో బాగానే ఆడాడు తాయీ. ఆ కరాడ్ వాణ్ణి రెండుసార్లు పడేశాడు. మూడోసారి వాడు వెనక నుంచి ఛాతీ మీద చేతులేసి బిగించాడు. అది పెద్ద పట్టు కాదు. ఎవడైనా విడిపించుకుంటాడు. మావాడు విడిపించుకోలా. నోరు తెరిచి అట్లా చూస్తున్నాడు. నావైపే చూస్తున్నాడు. ఊపిరాడ్డం లేదని నాకప్పుడు తెలిసింది. నేనే గోదాలోకి దూకి తువ్వాలు విసిరా. యాభయ్యేళ్ళుగా తాలింఖానా నడుపుతున్నా. ఎవడికి దమ్ముందో, ఎవడికి లేదో చూడగానే చెప్తా అనుకున్నా. వాడికి లోపలికి గాలే పోవట్లేదని నాలుగేళ్ళు కనిపెట్టలేకపోయా."

శరయూతాయి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆయన పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. గుమ్మం దగ్గర మాట్లాడకూడదన్న బోర్డు వాళ్ళ నెత్తి మీదే ఉంది.

"రేపు పంపండి. మీరూ రండి," అన్నారు.

మొదటి పాఠం పడుకోవడం. శరయూతాయి ఎంతో ఆలోచించి అది ఎంచుకున్నారు. నేల మీద వెల్లకిలా పడుకుని, వీపు కింద సన్నగా మడిచిన దుప్పటి పొడవుగా పెట్టుకుని, చేతులు రెండు పక్కలకీ చాపి, ఊపిరి పీల్చడం. వెన్నుకు ఇంతకంటే సున్నితమైన మందు లేదు. మా క్లాసులో డెబ్భయ్యేళ్ళ ఆడవాళ్ళు కూడా చేసేదే.

సయాజీ పడుకున్నాడు. ఒక భుజం ఆనింది. రెండోది గాల్లో ఉంది. నేను దాన్ని మెల్లగా కిందికి నొక్కితే మొదటిది పైకి లేచింది. చేతులు చాపమంటే చాపాడు గాని వెంటనే మోచేతులు ముడుచుకుని ఒంటికి తెచ్చుకున్నాడు. కాళ్ళు బిగదీశాడు. చెమటలు పడుతున్నాయి. ఏదో ఒక పక్కకు దొర్లిపోవాలన్నట్టు నడుం మెలితిరిగిపోతోంది.

"వదిలెయ్. ఒళ్ళు వదిలెయ్. ఎవరితో పోట్లాడుతున్నావిప్పుడు?" అని శరయూతాయి గట్టిగా అన్నారు.

"వదలడం లేదు బాయీ."

"నువ్వు వదిలితే వదులుతుంది. కండ వేరు, నువ్వు వేరు అన్నట్టు మాట్లాడకు."

అతను దిగ్గున లేచి కూర్చున్నాడు. మొహం కందిపోయింది. "నా వల్ల కాదు," అని చెప్పులకోసం వెతుక్కోసాగాడు. నొప్పి వల్ల అనుకున్నాను నేను. శరయూతాయి కూడా అలాగే అనుకున్నట్టున్నారు, ఇంకో దుప్పటి తెమ్మని సైగ చేశారు. అప్పుడు గోడవారగా కుర్చీలో కూర్చున్న వస్తాదు అడ్డొచ్చారు.

"అది నొప్పి కాదు తాయీ."

"మరేంటి?"

"కుస్తీలో ఓటమంటే ఏంటో తెలుసా మీకు? దెబ్బలు కాదు, కిందపడ్డం కాదు. రెండు భుజాలూ ఒక్కసారి నేలకు ఆనాలి. అప్పుడే చిత్తు. పదేళ్ళ పిల్లాడిగా వచ్చిన రోజు నుంచి నేను వీడి చెవిలో నూరిపోసింది ఒక్కటే. చచ్చినా సరే, వీపు ఆనించకురా అని. నిద్దర్లో కూడా వీడు బోర్లానే పడుకుంటాడు. మీరేమో వచ్చీ రాగానే చిత్తుగా పడుకోమంటిరి."

శరయూతాయి నేనందించిన దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ముప్పయ్యేళ్ళ పైగా ఎన్నివేల మందిని ఆవిడ వెల్లకిలా పడుకోబెట్టి ఉంటారో! ఆ పడుకోవడానికి ఇంకొకరి ఒంట్లో ఇలాంటి అర్థం ఉండొచ్చని ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు. నాకైతే తట్టనే లేదు.

వస్తాదు లేచారు. తలపాగా తీసి కుర్చీలో పెట్టారు. కుర్చీ చెయ్యి పట్టుకుని, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది ఆనించి, మూలుగుతూ ఆ షాబాద్ బండల మీద సయాజీ పక్కన వెల్లకిలా పడుకున్నారు. ధోవతి సర్దుకున్నారు. తెల్లటి జుట్టు పలచగా నేల మీద పరుచుకుంది.

"ఇదిగో చూడరా. నా రెండు భుజాలూ ఆనాయి. ఇల్లు కూలిందా?"

సయాజీ నోరు తెరిచి చూస్తున్నాడు. "వస్తాద్, లేవండి... అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఈ పుణే పట్నంలో నన్ను ఒక్కడూ ఆనించలేదు. సాంగ్లీ వాడొకడు ఆనించాడనుకో, అది వేరే సంగతి, ఆ రోజు వానపడి మట్టి తడిగా ఉంది. ఇప్పుడు నాయంతట నేనే పడుకున్నా. మనంతట మనం పడుకుంటే అది ఓడిపోవడం కాదు. రా. నా పక్కన పడుకో. బండ చల్లగా బాగుంది కూడా."

సయాజీ పడుకున్నాడు. శరయూతాయి అతని తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ రోజు ఆవిడ గొంతు పెంచలేదు. రెండు అరచేతులూ అతని భుజాల కిందికి పోనిచ్చి, కిందికి నొక్కకుండా, వాటి బరువును తానే మోస్తున్నట్టు పట్టుకున్నారు. "నేను పట్టుకున్నాను. కిందికి తొయ్యను. నీకు వదలాలనిపించినప్పుడే వదులు," అన్నారు. ఎంతసేపు అలా కూర్చున్నారో. కింద వీధిలో కూరగాయల బండి వెళ్ళింది, ఎవరో స్కూటరు తన్ని తన్ని స్టార్టు చేశారు. ఆవిడ చేతులు కొద్దికొద్దిగా బయటికి జరగడం చూశాను. చివరికి పూర్తిగా బయటికొచ్చాయి. రెండు భుజాలూ నేల మీద ఉన్నాయి.

అతని కంటి కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తబోయాడు.

"ఉండనీ. ఊపిరి పీల్చు," అన్నారు శరయూతాయి.

వస్తాదు అప్పటికే చిన్నగా గురక పెడుతున్నారు.

అక్కడితో అంతా చక్కబడిందని చెప్తే అబద్ధమవుతుంది. అసలు పని అప్పుడు మొదలైంది. కుస్తీ ఆ ఒంటికి ముడుచుకోవడం నేర్పింది. గడ్డం లోపలికి, భుజాలు ముందుకి, మోకాళ్ళు వంచి, వీపు తాబేలు డిప్పలా. దండీలు తీసి తీసి ఛాతీ కండలు తాళ్ళలా బిగిసి భుజాల్ని ముందుకు లాగేస్తున్నాయి. జబ్బు కూడా అటే వంచుతోంది. రెండూ ఒకే వైపు లాగుతుంటే మేం రెండో వైపు లాగాలి. గోడకు కట్టిన తాళ్ళు, చెక్క ఇటుకలు, మడత కుర్చీలు, మా దగ్గరున్న సరంజామా అంతా అతని ఒక్కడి చుట్టూ చేరేది. కుర్చీ వీపు మీదుగా ఛాతీ తెరవడం. తలుపు చట్రానికి అరచేతులు ఆనించి రొమ్ము ఎముకను ముందుకు నెట్టడం. బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం. అన్నిటికంటే ఎక్కువగా ఊపిరి. పక్కటెముకల చుట్టూ ఒక గుడ్డ పట్టీ కట్టి, "ఈ గుడ్డ బిగుతయ్యేలా పీల్చు" అని నేను ముందు కూర్చునేదాన్ని. గాలి ఊదేటప్పుడు ఊరికే ఊదితే నిద్రొస్తుందని, గొంతెత్తి అక్షరాలు పలుకుతూ ఊదమనేవాళ్ళం. ఆ గొంతుకి కింద అంతస్తు వాళ్ళు మొదట్లో తగాదాకు వచ్చారు. తర్వాత అలవాటుపడ్డారు.

"వహినీ, ఈ ముసలమ్మలు ముందుకు వంగి పాదాలు పట్టుకుంటున్నారు. నేను మోకాళ్ళు కూడా అందుకోలేను," అని ఒక రోజు ఉక్రోషంగా అన్నాడు.

"నువ్వు ముందుకు వంగాల్సిన పనే లేదు కదా."

"పని లేకపోవడం వేరు, చేతకాకపోవడం వేరు."

నేను అతని పక్కటెముకల చుట్టూ గుడ్డ పట్టీ కట్టాను.

రెండో ఏడాది చలికాలంలో శరయూతాయి ఒక పొరపాటు చేశారు. అతను బాగా తేరుకుంటున్నాడు. తలకూ గోడకూ మధ్య సందు సగానికి తగ్గింది. ఆవిడ కళ్ళలో ఒక ఆశ మెరవడం నేను గమనించాను. ఈ ఒక్కడి విషయంలోనైనా జబ్బు ఓడిపోతుందేమో అన్న ఆశ. ఆ ఉదయం అతను ఒళ్ళు బిగిసిపోయి ఉందని చెప్పినా వినకుండా, కుర్చీ మీద వెనక్కి ఇంకా వాలమన్నారు. ఇంకా, ఇంకా అని. అతను పళ్ళు బిగించి వాలాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. కబురు చేస్తే, మంచం మీంచి లేవలేకపోతున్నాడని, ఒక కన్ను కూడా ఎర్రగా వాచిందని తెలిసింది. ఈ జబ్బులో కన్ను అలా కావడం మామూలేనట. డాక్టరు చుక్కల మందిచ్చాడు. నడుం సంగతి మాత్రం మా వల్లే అయింది.

శరయూతాయి చీర మార్చుకుని, నన్ను వెంటబెట్టుకుని తాలింఖానాకు నడిచారు. అక్కడికి ఆడవాళ్ళు వెళ్ళరు. గోదా ఉన్న గది గడప దగ్గరే ఆగిపోయాం. లోపల ఎర్రమట్టి, నూనె, మజ్జిగ కలిసిన వాసన. కుర్రాళ్ళు మమ్మల్ని చూసి గబగబా తువ్వాళ్ళు కట్టుకున్నారు. సయాజీ పక్క గదిలో మంచం మీద ఉన్నాడు, కంటికి గుడ్డ కట్టి ఉంది.

ఆవిడ గడప బయటి నుంచే, తాలింఖానా అంతా వినేలా అన్నారు. "సయాజీ, తప్పు నాది. ఆ రోజు నీ ఒళ్ళు చెప్తున్నది నువ్వు నాకు చెప్పావు. నేను వినలేదు. నేను చూసింది నిన్ను కాదు, నా తలలో ఉన్న బొమ్మని. ఇకమీదట చాలు అన్నది నువ్వే చెప్పాలి. నేను కాదు."

లోపల్నుంచి మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

"బాయీ," అన్నాడు, "మీరు తిట్టకుండా ఇంతసేపు మాట్లాడితే నాకు భయమేస్తోంది. నాకేం కాదు కదా?"

కుర్రాళ్ళు నవ్వేశారు. ఆవిడ కూడా నవ్వారు. ఆ తర్వాత ఆవిడ పాఠం చెప్పే పద్ధతే కొద్దిగా మారింది. అరుపులు తగ్గలేదు. కానీ ఎవరినైనా సరిచేసేముందు చెయ్యి ఆనించి కాసేపు ఆగేవారు. ఆ ఎముక ఎటు పోగలదో, ఎటు పోలేదో దాన్నే అడుగుతున్నట్టు. ఒకరి తుంటి గిన్నె లోతుగా ఉంటుంది, ఒకరిది పైపైన ఉంటుంది, ఇద్దరి పాదాలూ ఒకే గీత మీద ఎందుకుండాలి అని నాతో వాదించేవారు. ఆ గీత గీసిందీ ఆవిడే, చెరుపుతోందీ ఆవిడే.

సయాజీకి కుస్తీ లేకుండా బతకడం నేర్చుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. తాలింఖానాలోనే ఉండేవాడు గాని, కుస్తీ నడిచేటప్పుడు వీధిలోకి వచ్చేసేవాడు. జాతరలకు వెళ్ళడం పూర్తిగా మానేశాడు. వస్తాదు ఎన్నిసార్లు రమ్మన్నా, "పెళ్ళికొడుకుగా కూర్చున్న చోట వంటవాణ్ణి చేస్తారా నన్ను?" అని తప్పించుకునేవాడు.

చివరికి వెళ్ళాల్సి వచ్చింది. వాళ్ళ ఊరి జాతరలో ఏటా మైకు పట్టుకుని కుస్తీలు వర్ణించే ఆయనకు సరిగ్గా ఆ రోజే గొంతు పోయింది. జనం వచ్చి కూర్చున్నారు, పహిల్వాన్లు నూనె రాసుకుంటున్నారు, మైకు దగ్గర మనిషి లేడు. వస్తాదు ఎవరినీ అడగకుండా సయాజీ జబ్బ పట్టుకుని తీసుకెళ్ళి మైకు ముందు నిలబెట్టారు. "నువ్వు శనివార్ పేఠలో రోజూ అరిచే అరుపులు ఇక్కడ అరవరా," అన్నారట. అప్పటి నుంచి చుట్టుపక్కల ఏ జాతరకైనా అతన్నే పిలవడం మొదలైంది. ఈ సంగతి అతను మాకు చెప్పలేదు. పాలు అమ్మే ఆయన చెప్పాడు.

మరుసటి ఏడు మేం వెళ్ళాం. శరయూతాయి ఎండకు తల మీద తడిగుడ్డ కప్పుకుని, మగవాళ్ళ గుంపు మధ్యలో గట్టు మీద మఠం వేసుకుని కూర్చున్నారు. పక్కనున్న రైతు ఆవిడకు చోటిచ్చి, వేరుశనక్కాయలు కూడా ఇచ్చాడు. సయాజీ గోదా అంచున నిలబడి ఉన్నాడు. నడుం అప్పటికే చాలా భాగం అతుక్కుపోయింది. మెడ పక్కకు తిరగదు. ఒక పహిల్వాన్ని చూడాలంటే కాళ్ళతో సహా అటు తిరగాలి, రెండోవాణ్ణి చూడాలంటే ఇటు తిరగాలి. కొత్తవాళ్ళకు అది దర్పంలా కనిపిస్తుంది. నిటారుగా ఉన్నాడు. కళ్ళు జనం మీద ఉన్నాయి.

"వినండి మండలీ! అటువైపు చూడండి, భోర్ కొండల్లో రాగి రొట్టె తిని పెరిగిన బిడ్డ, తండ్రి ఇద్దరు కొడుకుల పాలు వీడొక్కడికే తాగించాడు, రెండో కొడుకు ఇక్కడే ఉన్నాడు, కోపంగా చూస్తున్నాడు, వాణ్ణీ చూడండి!" జనం గొల్లుమన్నారు. అతను ఆగలేదు. ఊపిరి తీసుకోకుండా ఇంకొకడి ఊరు, వస్తాదు పేరు, గెలిచిన కుస్తీలు, కట్టిన లంగోటా రంగు అన్నీ ఒకే దారంలో గుచ్చినట్టు చెప్పుకుంటూ పోయాడు. మాట చివరికొచ్చేసరికి డోలు వాయించేవాడు పుల్ల ఎత్తి, అది ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

నేను శరయూతాయి వైపు తిరిగాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింటున్నారు. కుస్తీ మొదలైనా కళ్ళు తెరవలేదు.

సాయంత్రం సయాజీ మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చాడు. భార్య కట్టిన శనగపిండి పిఠలే, జొన్న భాకరీల మూట నా చేతిలో పెట్టాడు. కిందటేడే పెళ్ళయింది. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ వెనకే నిలబడింది. ఎర్రబస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు సీట్లు లేవంటే, సయాజీ కాళ్ళతో సహా అతనివైపు తిరిగి, "పుణే నుంచి మా బాయీ వచ్చింది. నిలబడి వెళ్తే నా పరువు పోతది," అన్నాడు. ఆ గొంతుకి బస్సులో సగం మంది లేచి నిలబడ్డారు.

ఘాట్ రోడ్డు దిగేదాకా శరయూతాయి కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. తర్వాత భాకరీ ఒకటి తుంచి నాకు సగం ఇచ్చారు.

"అనఘా, రేపు పొద్దున క్లాసు నువ్వు తీసుకో," అన్నారు.

"ఒంట్లో బాగాలేదా తాయీ?"

"బాగానే ఉంది. ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా ఆలస్యంగా లేవలేదు. రేపు కాస్త పడుకుంటాను."

నేను సరేనన్నాను. ఆవిడ చెప్పులు విప్పి, కాళ్ళు సీటు మీదకు ముడుచుకుని, నా భుజానికి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. మెడ వంకరగా ఉంది. నేను సరిచేయలేదు.